రెండో కంచం

భద్రాచలం వెళ్తున్నామని తెలియగానే మా బజారువాళ్ళు తలా ఒక పని అప్పజెప్పారు. ఒకామె కొబ్బరికాయ ఇచ్చి రాముడి ముందు కొట్టమంది. ఇంకొకామె తలంబ్రాలు తెమ్మంది. ఎదురింటి పెద్దాయన తన మోకాళ్ళ పేరు చెప్పి ప్రత్యేకంగా దణ్ణం పెట్టమన్నాడు. అన్నింటికీ సరేనన్నాం. అసలు పని గుడి దాటి ఇంకా ముందుకు, చర్ల రోడ్డు మీద అడవిలో ఉన్న ఒక గూడెంలో ఉందని నేనూ మా చెల్లెలు సుగుణా ఎవరికీ చెప్పలేదు.

మాది ముదిగొండ దగ్గర ఊరు. ఇల్లు కట్టుకునేవాళ్ళకు ఇటుకలెన్ని, సిమెంటెంత, ఇసుక ఎన్ని ట్రిప్పులని అంచనా వేసి చెప్పడం నా పని. చదివింది ఏడో తరగతి. లెక్కలు మేస్త్రీల వెనక తిరిగి నేర్చుకున్నాను.

సుగుణ కొడుకు నవీన్‌కు ఇరవై ఒకటి. మిర్చి సీజన్లో ట్రాలీ ఆటో తోలుతూ గంజాయికి అలవాటు పడ్డాడు. పక్క చేనువాళ్ళ కరెంటు మోటారు విప్పి అమ్మేదాకా వచ్చింది. ఖమ్మంలో మాన్పించే కేంద్రంలో చేర్చాం. వచ్చే వారం ఇంటికి పంపుతామన్నారు. "ఇక్కడ మానడం సగం పనమ్మా. ఇంటికి పోయినంక మొదటి రోజులే గట్టివి. పాత దోస్తులు, పాత జాగాలు అన్నీ అక్కడే ఉంటయి" అని అక్కడి డాక్టరు సుగుణతో చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచి ఆమెకు నిద్ర లేదు.

ఊళ్ళో నవీన్ ఒక్కడే కాదు, ఇంకా కొందరున్నారు. అందుకే ఊరి కమిటీ వచ్చే ఆదివారానికి మీటింగు పెట్టింది. పట్టుబడ్డ పిల్లాడి ఇంటికి పెద్ద జరిమానా, కట్టకపోతే ఆ ఇంటికి ఊరి సహకారం బంద్ అని తీర్మానం రాసి ఉంచారు. అది పాసైతే నవీన్ ఒక్కసారి తప్పటడుగు వేసినా సుగుణ ఇల్లు ఊళ్ళో ఒంటరిది.

నా సైటులో ఇనుము కట్టే సోమయ్య కోయ పిల్లవాడు. తోటివాళ్ళు సాయంత్రం సీసాల దగ్గర చేరితే ఇతను చేరడు. అడిగితే, "మా గూడెంల ఒక పద్ధతున్నది సారూ. చెప్తే అర్థం కాదు, పోయి చూడుండ్రి. జోగమ్మ ఇంటికి పోండి. అది నా రెండో ఇల్లు" అన్నాడు. బయల్దేరేటప్పుడు సుగుణ నా చెవిలో, "రెండో ఇల్లంటే వాళ్ళ నాయిన చిన్నిల్లేమో. జర చూసి మాట్లాడన్నా" అంది.

ఏన్కూరు

ఖమ్మంలో బస్సెక్కాం. ఆడవాళ్ళకు చార్జీ లేదు గనుక సుగుణకు సున్నా టికెట్టు, నాకు పూర్తి చార్జీ. "నీ లెక్కల్ల ఈ సున్నా ఎట్లున్నదన్నా?" అని టికెట్టు నా ముఖం ముందు ఊపింది. ఇన్ని నెలల్లో ఆమె హాస్యమాడటం అదే మొదలు.

చేతులూపుకుంటూ వెళ్ళకూడదని ఒక సంచి నిండా ఎండు మిరపకాయలు తెచ్చాం. వైరా దాటాక సంచి పిగిలింది. ఎవరి కాలో పడి కాయలు నలిగాయి. కిటికీ గాలికి ఆ ఘాటు బస్సంతా తిరిగింది. ముందు సీట్లో పసిపిల్ల తుమ్మింది, తర్వాత వాళ్ళమ్మ, తర్వాత డ్రైవరు. కండక్టరు కండువా ముక్కుకు అడ్డం పెట్టుకొని వచ్చాడు.

"ఏందన్నా, బస్సుకు దిష్టి తీస్తున్నవా?"

"మంచిగనే ఉంటది బాబూ, దిష్టి పోతది" అంది వెనక సీటు ముసలమ్మ, తుమ్ముల మధ్యన.

ఏన్కూరులో బస్సు ఆపి మమ్మల్ని దించారు. సంచి కుట్టుకొని రమ్మన్నారు గానీ బస్సు ఆగలేదు. తర్వాతి బస్సు వచ్చేదాకా హోటల్లో కూర్చున్నాం. టీ పదిహేను రూపాయలు, మా ఊళ్ళో పదే. కానీ గ్లాసు పెద్దది, పాలు చిక్కన. మొత్తం మీద ఏన్కూరు టీయే చవకని తేల్చాను. హోటలామె గోనెసూది ఇచ్చి సంచి తనే కుట్టింది. డబ్బులివ్వబోతే రెండు దోసిళ్ళ మిరపకాయలు తీసుకుంది. "మీ దిక్కు కాయలు మంచి రంగుంటయి. ఎక్కడిదాకా?" అని అడిగింది.

"భద్రాచలం" అన్నాను.

"మొక్కా?"

సుగుణ నేల చూస్తూ "అవ్, మొక్కే" అంది.

భద్రాచలం

కొత్తగూడెం, పాల్వంచ దాటి, గోదావరి వంతెన మీదికి బస్సు ఎక్కేసరికి ఎండ దిగుతోంది. నీళ్ళు తక్కువ, ఇసుక ఎక్కువ. వృత్తి బుద్ధి పోదు కదా, ఆ ఇసుక ఎన్ని ఇళ్ళకు వస్తుందో అంచనా వేయబోయి మధ్యలో వదిలేశాను.

ఆ రాత్రి సత్రంలో ఉండి పొద్దున్నే దర్శనం చేసుకున్నాం. కొబ్బరికాయ కొట్టాం, తలంబ్రాలు కొన్నాం, మోకాళ్ళ దణ్ణం కూడా పెట్టాం. సుగుణ తన కోసం ఏం కోరుకుందో నేను అడగలేదు.

గుడి వీధి చివర ఒక దుకాణంలో ఇప్పపువ్వు లడ్లు అమ్ముతున్నారు. ఇప్ప అంటే సారా అనే మాకు తెలుసు. లడ్డూ అనేసరికి సుగుణ వాసన చూసి, "మత్తు రాదు గద?" అంది.

అమ్మే ఆడపిల్ల నవ్వు ఆపుకోలేకపోయింది. "ఐదు తింటే కడుపు బరువైతది పెద్దమ్మా. మత్తు రాదు."

నేను రెండు తిన్నాను. బెల్లం, నువ్వులు, వెనక నుంచి ఒక పూల తీపి. బాగున్నాయి. సుగుణ నవీన్ కోసం ఒక పొట్లం కట్టించుకుంది. నాలుగడుగులు వేసి, మళ్ళీ వెనక్కి వెళ్ళి ఇచ్చేసింది. "ఇప్ప పేరుంటది గద అన్నా పొట్లం మీద" అంది. లడ్డూకు కూడా భయపడే స్థితిలో ఉందని అప్పుడు నాకు తెలిసింది.

గూడెం

షేరింగ్ ఆటో దిగి అడవి బాటలో నడిచాం. ఇప్పపువ్వు రాలే రోజులు. చెట్ల కింద ఊడ్చిన నేల మీద పూలు చిన్న ముత్యాల్లా పడి ఉన్నాయి. ఆడవాళ్ళు గంపలు చంకన పెట్టుకొని ఏరుతున్నారు. గూడెం పేరు రాయడం లేదు. రాయొద్దని వాళ్ళు అడిగారు. "పేరొస్తే మీటింగులోళ్ళు జీపులేసుకొని వస్తరు. వాళ్ళకు వండలేం" అన్నారు.

జోగమ్మకు అరవై ఉంటాయి. వెదురు దడి, పెంకుటిల్లు, వాకిట్లో ఆరబోసిన పూలు. మిరపకాయల సంచి చూసి ఆమె కళ్ళు పెద్దవి చేసింది. "ఇన్ని మిరపకాయలు తెచ్చినవేంది తమ్మీ, మమ్ముల కాల్చి చంపనీకా?" అంది. చిన్నిల్లు సంగతి సుగుణ ఎంత జాగ్రత్తగా అడిగినా ఆమెకు ఇట్టే అర్థమైంది. వాకిట్లో ఉన్న ఆడవాళ్ళందరికీ కోయ మాటల్లో చెప్పింది. వాళ్ళు గంపలు కింద పెట్టి మరీ నవ్వారు. "సోమయ్య వాళ్ళ నాయినకు ఒక్కామెకు బువ్వ పెట్టే తాహతే లేదు చెల్లె" అంది జోగమ్మ మాతో.

ఆ మధ్యాహ్నం పక్కింట్లో పూజ ఉంది. పెద్దాయన మోదుగాకు దొప్పలో ఇప్పసారా పోసి, మొదటి చుక్కలు నేల మీద చల్లి, వరసగా ఇచ్చాడు. పెళ్ళికాని కుర్రాళ్ళు వేలు ముంచి పెదవికి తాకించుకొని పక్కకు జరిగారు. మత్తు మాన్పే ఊరని వస్తే సారా దొప్ప నా చేతికే వచ్చింది. తాగను. వద్దంటే వాళ్ళ దేవుడికి కోపం వస్తుందేమో. దొప్ప పట్టుకొని బిగుసుకుపోయాను.

"తాగవా? నేలకు పొయ్యి. సాలు" అంది జోగమ్మ.

పోశాను. పెద్దాయన తల ఊపి దొప్ప తీసుకున్నాడు. అయిపోయింది. ఎందుకు తాగవని ఎవరూ అడగలేదు. మా దగ్గర దావత్‌లో వద్దన్నవాడు కడుపులో పుండని, మాత్రలు వాడుతున్నానని, మాల వేసుకున్నానని ఎన్నో సాకులు చెప్పాలి. అయినా గ్లాసు మూతి దాకా తెస్తారు. వద్దనేవాడికి కూడా ఒక మర్యాద ఉండాలని మాకు తట్టలేదు. ఈ ఒక్కటి చూసినా చార్జీలు గిట్టుబాటయ్యాయి అనుకున్నాను. అసలుది ఇంకా చూడలేదు.

వేరే కంచం

పొద్దు వాలుతుండగా ఒక యువకుడు వాకిట్లోకి వచ్చాడు. పలకరింపు లేదు. కాళ్ళు కడుక్కొని గోడవారన కూర్చున్నాడు. జోగమ్మ గిన్నెలు బోర్లించే వెదురు తట్ట మీంచి ఒక సొట్ట కంచం తీసి జొన్నరవ్వతో వండిన గటక, ఎండు వెదురు కొమ్ముల కూర పెట్టింది. అతను తిన్నాడు, కూర మళ్ళీ వేయించుకున్నాడు, కంచం కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు.

"మనవడా?" అంది సుగుణ.

"కాదు. ఆ చివరింటి పిల్లడు. వాని కంచం మా ఇంట్ల ఉంటది. మా సోమయ్య కంచం గూడ గదే తట్టల ఉన్నది చూడు."

పద్ధతి అప్పుడు చెప్పింది. ఈడొచ్చిన ప్రతి పిల్లాడికీ చుట్టరికం లేని మరో ఇంట్లో ఒక కంచం పెడతారు. రోజూ ఒక పూట అక్కడే తినాలి. ఏమీ అడగరు, నీతులు చెప్పరు. తినడం మాత్రం చూస్తారు.

సుగుణ ముఖం మారిపోయింది. లేచి నిలబడింది. "వేరే కంచం పెడ్తరా? మాకాడ వేరే కంచం ఎవరికి పెడ్తరో ఎరికేనా అమ్మా? మావోడు తప్పు చేసిండు గని, అంటరానోడు కాదు."

ఇది చదివేవాళ్ళకు విడమర్చి చెప్పాలి. మా ఊళ్ళో ఇప్పటికీ కొన్ని ఇళ్ళలో కూలికి వచ్చిన దళితవాడవాళ్ళ కోసం చూరులో ఒక కంచం, ఒక గ్లాసు విడిగా ఉంటాయి. దాన్ని వేరే కంచం అంటారు. ఆ మాట ఎవరిని దూరం పెట్టడానికో ఊరందరికీ తెలుసు. ఆ చూరు కంచం సుగుణ ఉండే అత్తగారింట్లోనూ ఉంది. ఇప్పుడు అదే తన కొడుక్కు పెడతారన్నట్టు వినిపించింది ఆమెకు.

జోగమ్మకు ఆ కోపం అర్థం కాలేదు. నేను నెమ్మదిగా చెప్పాను. ఆమె విని లేచింది. తర్వాత ఆ సొట్ట కంచమే తీసి, గటక వేసుకొని, సుగుణ ఎదురుగా కూర్చుని తినడం మొదలుపెట్టింది.

"వేరేది కాదు చెల్లె, రెండోది. వాడు రాని పూట దీంట్ల నేనే తింట. తట్ట మీద అన్నీ కలిసే ఉంటయి."

సుగుణ కూర్చుంది. జోగమ్మ తింటూనే తన సంగతి చెప్పింది. కొన్నేళ్ళ కిందట బండ్ల మీద మనుషులు వచ్చి గూడెం పిల్లలకు గంజాయి అలవాటు చేశారు, తర్వాత మూటలు మోయించారు. పెద్దలు పట్టుకున్నవాణ్ణి స్తంభానికి కట్టారు, జరిమానా వేశారు.

"నా చిన్నోడు తినుడు తగ్గించిండు. కడుపునొప్పి అన్నడు, నమ్మిన. తల్లి గద, సాకు నేనే ఎతికి ఇచ్చిన. పక్కింటామెకు తెలుసు. చెప్తే మాకు జరిమానా పడ్తదని ఊకున్నది. మంచి మనసుతోనే ఊకున్నది. వాడు మూటతోని దొరికి జైలుకు పోయిండు. బయటికి వచ్చిండంట. ఇంటికి రాలె." ఒక ముద్ద తిని, మళ్ళీ అంది. "గప్పుడు ఆడోళ్ళం కూసొని కంచాలు పెట్టినం. జరిమానా తీసేయించినం."

"తాగొస్తే?" అన్నాను.

"పెడ్తం. తాగినోనికి ఆకలి కాదా?"

"మరి ఎప్పుడు చెప్తరు?"

"రెండు పూటలు రాకుంటే, లేకుంటే తిండి నెట్టేస్తుంటే నేనే నడుసుకుంట వాళ్ళ తల్లికాడికి పోత. ఇద్దరం కలిసి వానికాడికి పోతం. మంచిగ తింటున్నన్ని రోజులు నేను పోను, ఆమె అడగదు. నేను రాకుంటే అంతా మంచిగున్నట్టే."

నా అలవాటు కొద్దీ, ఎంతమంది బాగుపడ్డారని అడిగాను.

"అందరు గాదు. ఇదైనంక గూడ ఒకడు మళ్ళ గంజాయికే పోయిండు. ఇంకొకని మీద కన్నేసి ఉన్నం" అంది. దాచకుండా చెప్పడం వల్లే నాకు నమ్మకం కలిగింది. ఏ ఇటుకా పగలదని చెప్పే బట్టీవాడి దగ్గర నేను సరుకు తీసుకోను.

తిరుగుదారి

బస్సు జూలూరుపాడు దాటాక సుగుణ అడిగింది. "చుట్టాలిల్లు పనికిరాదన్నది గద. అంటే నీ ఇల్లు కుదరదు."

"కుదరదు. నేను గూడ నీ లెక్కనే సాకులు ఎతుకుత."

"మరి మన బజారంత చుట్టాలే గద అన్నా."

ఈ లెక్క నేను అప్పటికే వేసి ఉన్నాను. మా బజారులో సుగుణకు చుట్టరికం లేని ఇళ్ళు రెండే. ఒకటి మోటారు పోయినవాళ్ళది. రెండోది తాళం వేసి ఉంది. ఇక మిగిలింది వాడ. నేను చెప్పలేదు. ఆమే చెప్పింది.

"వాడోళ్ళు పెడ్తరా? మన చూరు కంచం చూసినోళ్ళు."

ఊళ్ళో

ఆదివారం మీటింగులో నేను లేచి చూసింది చెప్పాను. కమిటీ పెద్ద పకపకా నవ్వాడు. "గంజాయి తాగొచ్చినోనికి బువ్వ పెట్టాల్నా? పప్పు చాలా, కోడి కొయ్యాల్నా?"

"పప్పు సాలు" అన్నాను. "నువ్వు జరిమానా పెడ్తే చూసినోడు చెప్పడు. పక్కింటోడి కొంప కూల్చేది ఎవరు? ఎవ్వడు చెప్పకుంటే నువ్వు పట్టేది ఎవరిని? కట్టకముందే కూలే గోడకు నేను అంచనా వెయ్యను."

కొందరు లేచి వెళ్ళిపోయారు. ఉన్న వేరే కంచాలు చాలక ఇంకా పెడతారా అని వాడ నుంచి వచ్చిన ఒక పెద్దాయన కోపంగా అడిగాడు. వేరేది కాదు, రెండోదని, తట్ట మీద అందరివాటితో కలిసే ఉంటుందని, ఆ పిల్లాడు రాని పూట ఇంటివాళ్ళు అందులోనే తింటారని చెప్పాను. "గట్ల తినేది మీరు గూడనా?" అన్నాడు. "నేను గూడ. మీ మనవణ్ణి మా ఇంటికి పంపు" అన్నాను. మా ఆవిడ నావైపు ఒక చూపు చూసింది. అయినా అవునన్నట్టు తల ఊపింది.

అప్పుడు వాడలో ఉండే మరియమ్మ కొంగు దోపుకొని లేచింది. ఆమె కొడుకు పట్నంలో పని చేస్తాడు, ఇంట్లో ఆమె ఒక్కతే. సుగుణ చేలో ఏళ్ళ తరబడి మిరపకాయలు ఏరింది. సూటిగా సుగుణను చూసింది.

"మీ పిల్లని కంచం మా ఇంట్ల పెట్టు. తింటడా?"

అందరూ సుగుణ వైపు తిరిగారు. "తింటడు."

"నువ్వు?"

"వాడు రాని పూట పిలువు. నేనొచ్చి తింట."

పది కంచాలైనా కావాలనుకున్నాను. నాలుగిళ్ళే ఒప్పుకున్నాయి. జరిమానా తీర్మానం కొట్టివేయలేదు, వచ్చే పంటకాలం దాకా పక్కన పెట్టారు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళగానే సుగుణ చూరులోని కంచం, గ్లాసు తీసి పాత సామాన్లవాడికి వేసింది. వాళ్ళత్త ఏమందో నాకు చెప్పలేదు.

నవీన్ మంగళవారం వచ్చాడు. మొదటి సాయంత్రం వాడ దాకా నేనూ తోడు నడిచాను. మరియమ్మ గడప ముందు ఆగి, "ఏమనాలె మామా?" అన్నాడు. "ఏం అనకు. కాళ్ళు కడుక్కో" అన్నాను. మా ఇంటికి వచ్చే పిల్లాడు, ఆ వాడ పెద్దాయన మనవడు, మొదటి పూట నాలుగు మెతుకులు కెలికి లేచిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ మూడో రోజు నేనూ వాళ్ళ తాతా కలిసి వెతుక్కుంటూ వెళ్ళాం. ఊరి కాలువ వంతెన మీద దొరికాడు. తిట్టలేదు, పిలుచుకొచ్చాం, తిన్నాడు. ఆ పని ఇంకా నడుస్తోంది.

సుగుణకు ఆ రోజులు ఎలా గడిచాయో నాకు తెలుసు. నవీన్ వాడ నుంచి రాగానే ముఖం చూసేది, ఏం తిన్నావని అడగబోయి నోరు మూసుకునేది. వాడ దారిలో ఎవరు కనబడ్డా మరియమ్మేమోనని గుండె పట్టుకునేది.

ఐదో రోజు పొద్దున నేను సుగుణ వాకిట్లో కూర్చుని టీ తాగుతున్నాను. దడి అవతల మరియమ్మ విసవిసా నడిచి వస్తోంది. సుగుణ చేతిలోని చాట కింద పెట్టేసింది.

"సుగుణమ్మా!" అంటూ మరియమ్మ వాకిట్లోకి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "నీ కొడుకు ఏం మనిషమ్మా! మొన్న పప్పుల పులుపు తక్కువన్నడు. రాత్రి పులుసుల ఉప్పు లేదన్నడు. అన్నం రెండుమార్లు పెట్టించుకునుడు, మళ్ళ వంకలు. గింత నోరున్నదని ముందుగాల చెప్పొద్దా?"

సుగుణ గడప మీద కూలబడింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో కాసేపు నాకు అర్థం కాలేదు.

"మాకాడ గూడ గంతే వదినె" అంది చివరికి. "నెత్తి మీద ఒక్కటి ఇయ్యి."

వదినె అనే వరస వాళ్ళిద్దరి మధ్య నేనెప్పుడూ వినలేదు. మరియమ్మ కూడా విని ఉండదు. ఒక్క క్షణం ఆగి, చాట పక్కకు జరిపి గడప మీద సుగుణ పక్కన కూర్చుంది.

"ఇయ్యాల చేపలు" అంది. "జల్దీ రమ్మను. సల్లారినంక మళ్ళ వంక పెడ్తే ఊకోను."